నది మధ్య గీత: ఇరాన్–ఇరాక్ దౌత్య సంబంధాల చరిత్రపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ రెండు దేశాల దౌత్య చరిత్రను ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

ఇరాక్ రాజ్యం 1921లో ఏర్పడింది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడితే చాలుననిపిస్తుంది. కానీ ఆ రాజ్యం పుట్టేనాటికే దాని తూర్పు సరిహద్దు తగాదాకు నాలుగు వందల ఏళ్ల వయసుంది. ఇస్తాంబుల్‌లోని ఒట్టోమన్ సుల్తానులు, ఇరాన్‌ను ఏలిన సఫావిద్ షాలు బాగ్దాద్ కోసం తరతరాలుగా పోరాడారు. సుల్తాన్ సులేమాన్ 1534లో ఆ నగరాన్ని పట్టుకున్నాడు. 1555లో అమాస్య సంధి దాన్ని ఒట్టోమన్లకే ఖాయం చేసింది. పదిహేడో శతాబ్దం మొదటి పాతికేళ్లు ముగియకముందే మొదటి షా అబ్బాస్ దాన్ని తిరిగి తీసుకున్నాడు. 1638 డిసెంబరులో సుల్తాన్ నాలుగవ మురాద్ మళ్లీ గెలుచుకున్నాడు. ఆ తరువాత 1639 మే 17న కుదిరిన జుహాబ్ సంధితో మెసొపొటేమియా ఒట్టోమన్ల వాటాకు, దానికి తూర్పున ఉన్న భూమి ఇరాన్ వాటాకు వచ్చాయి.

ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. జుహాబ్ సంధి ఈనాటి అర్థంలో సరిహద్దు గీత గీయలేదు. ఏ కోట ఎవరిది, ఏ తెగ ఎవరికి కప్పం కట్టాలి అన్నంతవరకే చెప్పి, మధ్యలో వెడల్పైన ఒక పట్టీని వదిలేసింది. వేసవిలో కొండలెక్కి చలికాలంలో మైదానానికి దిగే పశుకాపరి తెగలకు ఆ పట్టీయే ఇల్లు. ఆ పట్టీని సన్నబరిచి ఒకే గీతగా మార్చే ప్రయత్నమే తరువాతి మూడు శతాబ్దాల దౌత్యమంతా అని నా అభిప్రాయం.

తెలుగు నేలకు ఈ చరిత్రతో సంబంధం ఉందా?

ఉంది. హైదరాబాద్ నగరాన్ని నిర్మించిన కుతుబ్‌షాహీలు, సఫావిద్‌ల లాగే, ఇస్లాంలోని షియా శాఖకు చెందినవారు కావడంతో, గోల్కొండ రాజ్యంలో శుక్రవారం ప్రార్థనల ముందు చదివే ఖుత్బాలో పన్నెండుమంది ఇమాములతో పాటు ఇరాన్ సఫావిద్ షా పేరు కూడా వినిపించేది. 1636లో షాజహాన్ సైన్యం ఒత్తిడికి లొంగి అబ్దుల్లా కుతుబ్‌షా సంతకం చేసిన ఒప్పందంలోని ముఖ్య షరతుల్లో ఆ పేరు తీసేసి మొఘల్ చక్రవర్తి పేరు చదవాలన్నది ఒకటి. అంటే జుహాబ్ సంధికి మూడేళ్ల ముందే ఇరాన్ షా పలుకుబడి గోల్కొండ మసీదుల్లో ఒక దౌత్య సమస్యగా మారింది. నేటికీ హైదరాబాద్ పాతబస్తీ షియా కుటుంబాలు జియారత్‌కని, అంటే పుణ్యస్థలాల దర్శనానికని, ఇరాన్‌లోని మష్హద్, కోమ్ నగరాలకూ, ఇరాక్‌లోని నజఫ్, కర్బలాలకూ వెళ్లి వస్తుంటాయి. ఆ రెండు దేశాల మధ్య మాటలు ఆగిపోయినప్పుడు ఆ ప్రయాణాలకూ ఇబ్బంది తప్పలేదు.

షత్ అల్ అరబ్ నది మీద ఇంత పేచీ ఎందుకు?

టైగ్రిస్, యూఫ్రటిస్ నదులు అల్ ఖుర్నా వద్ద కలిసి ఏర్పడే షత్ అల్ అరబ్ సుమారు 200 కిలోమీటర్లు ప్రవహించి గల్ఫ్‌లో కలుస్తుంది. ఇరాన్‌లో దీన్ని అర్వంద్ రూద్ అంటారు. దీని చివరి భాగమే రెండు దేశాల సరిహద్దు. ఇరాన్ కొండల నుంచి వచ్చే కారూన్ నది ఖుర్రంషహర్ దగ్గర ఇందులో కలుస్తుంది.

పేచీ ఎందుకో తెలియాలంటే పటం ముందు పెట్టుకుని రెండు తీరాలనూ చూడాలి. ఇరాన్‌కు గల్ఫ్ మీద పొడవైన తీరం ఉంది, బందర్ అబ్బాస్ లాంటి రేవులు ఉన్నాయి. ఇరాక్‌కు సముద్రతీరం 60 కిలోమీటర్లు కూడా లేదు. దాని పెద్ద రేవు నగరమైన బస్రా సముద్రం ఒడ్డున కాక నది మీద, లోపలికి ఉంది. బస్రాకు ఓడ రావాలంటే ఈ నదిలోకి ప్రవేశించాల్సిందే. అయితే ఇరాన్ వైపు కూడా ఈ నదికి ప్రాణంతో సమానమైన విలువ వచ్చింది. 1908లో మస్జిద్ సులేమాన్ దగ్గర చమురు పడడం, 1912లో అబాదాన్‌లో శుద్ధి కర్మాగారం మొదలవడంతో, అక్కడి చమురు ఓడలు కూడా ఇదే దారిలో సముద్రానికి చేరాలి. ఒకే నది మీద ఇద్దరి బతుకూ ఆధారపడింది. అలాంటప్పుడు సరిహద్దు నది తూర్పు ఒడ్డున ఉందా, నడిమధ్యన ఉందా అన్నది కొన్ని వందల మీటర్ల తేడాగా కనిపించినా, ఓడ మీద ఎవరి జెండా ఎగరాలి, దారి చూపే పైలట్ ఎవరి ఉద్యోగి, సుంకం ఎవరి ఖజానాకు చేరాలి అనేవన్నీ ఆ తేడాతోనే తేలతాయి.

1847, 1913 ఒప్పందాలు ఏం చెప్పాయి?

బ్రిటన్, రష్యాల మధ్యవర్తిత్వంతో 1847లో కుదిరిన రెండవ ఎర్జురుం సంధి ప్రకారం నేటి ఉత్తర ఇరాక్‌లోని సులేమానియా మీద ఇరాన్ తన హక్కు వదులుకుంది. బదులుగా నాడు మొహమ్మరా అని పిలిచిన ఖుర్రంషహర్, అబాదాన్ ద్వీపం, నది తూర్పు ఒడ్డు ఇరాన్‌కు దక్కాయి. నదిలో ఇరాన్ ఓడలు స్వేచ్ఛగా తిరగవచ్చునన్నారు కానీ నీటి మీద అధికారం ఎవరిదో సూటిగా చెప్పలేదు. 1913 నాటి కాన్‌స్టాంటినోపుల్ ఒప్పందం ఆ లోటు తీర్చి, కొన్ని ద్వీపాలు, మొహమ్మరా లంగరు స్థలం మినహా నది మొత్తం ఒట్టోమన్లదేనని రాసింది. 1914లో నాలుగు దేశాల ప్రతినిధులున్న సరిహద్దు సంఘం గల్ఫ్ నుంచి అరారత్ పర్వతం దిశగా నడుస్తూ స్తంభాలు పాతుకుంటూ వెళ్లింది. ఆ పని ముగిసేసరికి ప్రపంచ యుద్ధం మొదలైంది. యుద్ధం ముగిసేసరికి ఒట్టోమన్ సామ్రాజ్యమే మిగల్లేదు.

కొత్తగా ఏర్పడిన ఇరాక్‌ను ఇరాన్ వెంటనే గుర్తించిందా?

లేదు. 1921లో బ్రిటిష్ వారి అండతో ఫైసల్ రాజు సింహాసనం ఎక్కినా, ఇరాన్ 1929 దాకా గుర్తింపు ఇవ్వలేదు. ఇరాక్‌లో ఐరోపా దేశస్థులకు ఉన్న ప్రత్యేక న్యాయ హక్కులు అక్కడ స్థిరపడిన ఇరానీయులకు ఎందుకు లేవన్నది టెహ్రాన్ అడిగిన ప్రశ్న. నజఫ్, కర్బలాల్లో తరతరాలుగా ఉంటున్న ఇరానీ కుటుంబాలు వేలల్లో ఉండడం వల్ల అది ఉత్త లాంఛనం కాదు. ఆ ప్రత్యేక హక్కులు రద్దయ్యాక గుర్తింపు వచ్చింది. 1932లో ఫైసల్ స్వయంగా టెహ్రాన్ వెళ్లారు.

1937 ఒప్పందంతో సమస్య తీరలేదా?

1934లో ఇరాక్ సరిహద్దు వివాదాన్ని నానాజాతి సమితి ముందు పెట్టింది. 1847 సంధి విషయంలో తమ ప్రతినిధి అధికారం లేకుండా కొన్ని వివరణలకు ఒప్పుకున్నాడు కాబట్టి ఆ సంధి తమను కట్టి ఉంచదని ఇరాన్ వాదించింది. చివరకు 1937 జులై 4న టెహ్రాన్‌లో ఒప్పందం కుదిరింది. సరిహద్దు తూర్పు ఒడ్డునే ఉంచి, అబాదాన్ ఎదుట కొద్దిమేర మాత్రం నదిలో లోతైన నౌకామార్గపు మధ్యరేఖకు మార్చారు. ఆ మధ్యరేఖను అంతర్జాతీయ న్యాయ పరిభాషలో థాల్వెగ్ అంటారు. నాలుగు రోజులకే టర్కీ, అఫ్గానిస్తాన్‌లతో కలిసి రెండు దేశాలూ ఒకరి మీద ఒకరు దాడి చేయబోమనే సాదాబాద్ ఒడంబడిక మీద సంతకం చేశాయి. 1955లో పాశ్చాత్య దేశాల అండతో ఏర్పడిన బాగ్దాద్ ఒడంబడిక అనే రక్షణ కూటమిలోనూ రెండూ సభ్యులయ్యాయి.

పైకి ఇది మంచి పొరుగుతనంలాగే ఉండేది. లోపల మాత్రం నది నిర్వహణకు ఏర్పడాల్సిన ఉమ్మడి వ్యవస్థ ఎన్నడూ ఏర్పడలేదు. సుంకాల సొమ్మును నది పూడికతీతకు కాకుండా వేరే పనులకు వాడుతున్నారని ఇరాన్ ఫిర్యాదు చేస్తూనే ఉంది. 1958 జులై 14న బాగ్దాద్‌లో రాజరికం కూలిపోవడంతో, ఇద్దరు రాజులనూ ఒక పక్కన నిలబెట్టిన బంధం తెగిపోయింది. మరుసటి ఏడాది ఇరాక్ బాగ్దాద్ ఒడంబడిక నుంచి బయటికి వచ్చింది.

1969లో ఏం జరిగింది?

ఏప్రిల్‌లో బాగ్దాద్ ప్రభుత్వం షత్ అల్ అరబ్ మొత్తం తన భూభాగమేనని, ఇరాన్ ఓడలు నదిలోకి వచ్చేటప్పుడు తమ జెండా దించాలని పట్టుబట్టింది. జవాబుగా షా ప్రభుత్వం 1937 ఒప్పందం ఇక చెల్లదని ప్రకటించింది. ఆ నెలలోనే ఇబ్న్ సీనా అనే ఇరాన్ వాణిజ్య నౌక ఇరాన్ జెండా ఎగరేసుకుని, ఇరాక్ పైలట్ లేకుండా, యుద్ధ నౌకలు కాపలాగా వెంటరాగా నదిలో సాగి గల్ఫ్ చేరింది. గగనతలంలో యుద్ధ విమానాలు తిరిగాయి. ఇరాక్ కాల్పులు జరపలేదు. ఉత్తరాన కుర్దు జాతివారి తిరుగుబాటుతో సతమతమవుతున్న బాగ్దాద్‌కు ఆనాడు ఆ శక్తి లేదు. ఒక ఓడ, ఒక జెండా ముప్పై రెండేళ్ల ఒప్పందాన్ని ఆచరణలో చెరిపేశాయి.

ఇరాక్ కోపం నదిమీద కాక మనుషుల మీద పడింది. ఇరానీ మూలాలున్నవారని వేలాది కుటుంబాలను సరిహద్దు దాటించారు. 1971 నవంబరు 30న గల్ఫ్‌లోని అబూ మూసా, తుంబ్ ద్వీపాలను ఇరాన్ ఆక్రమించాక ఇరాక్ దౌత్య సంబంధాలే తెంచుకుంది.

1975 అల్జీర్స్ ఒప్పందాన్ని అంత ముఖ్యమైనదిగా ఎందుకు చెబుతారు?

ఈ చరిత్రకంతటికీ ఇరుసు అదే కాబట్టి.

అప్పటికి ఇరాక్ ఉత్తరాన ముల్లా ముస్తఫా బర్జానీ నాయకత్వంలో కుర్దులు పోరాడుతున్నారు. వారికి ఇరాన్ ఆయుధాలు, ఆశ్రయం ఇస్తోంది, అమెరికా, ఇజ్రాయెల్ వెనక నుంచి సాయపడుతున్నాయి. ఆ పోరు ఇరాక్ సైన్యాన్ని నిలువునా అరగదీస్తోంది. 1975 మార్చి 6న అల్జీర్స్‌లో చమురు ఎగుమతి దేశాల సంస్థ ఒపెక్ శిఖరాగ్ర సమావేశం ముగుస్తుండగా, అల్జీరియా అధ్యక్షుడు హువారి బూమెదియెన్ మధ్యవర్తిత్వంతో షా మహమ్మద్ రెజా పహ్లవీ, నాటి ఇరాక్ ఉపనేత సద్దాం హుస్సేన్ రాజీకి వచ్చారు. నది పొడవునా సరిహద్దును థాల్వెగ్‌కు మార్చడానికి ఇరాక్ ఒప్పుకుంది. నేలమీద సరిహద్దును 1913 ఒప్పందం, 1914 సంఘం నిర్ణయాల ప్రకారం గుర్తిస్తామని, ఒకరి దేశంలోకి ఒకరు తిరుగుబాటుదారులను పంపబోమని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఈ అంశాలు విడదీయరానివని, ఒక్కటి తప్పినా మొత్తం తప్పినట్టేనని రాసుకున్నారు. జూన్ 13న బాగ్దాద్‌లో పూర్తిస్థాయి సంధి మీద విదేశాంగ మంత్రులు సంతకాలు చేశారు.

కాగితం మీద ఇది చక్కటి దౌత్యమే. న్యాయ పాఠం చెప్పేవారు దీన్ని మెచ్చుకోవడంలో తప్పులేదు. కానీ దాని ధర చెల్లించినవారు ఆ గదిలో లేరు. సంతకం జరిగిన వెంటనే ఇరాన్ సాయం ఆపేసింది. కొద్ది వారాల్లోనే కుర్దు ఉద్యమం కూలిపోయింది. లక్షకు పైగా మనుషులు ఇరాన్‌లోకి శరణార్థులుగా నడిచివెళ్లారు. బర్జానీ నాలుగేళ్ల తరువాత అమెరికాలో కన్నుమూశారు. ఈ ఒప్పందాన్ని గెలుపు ఓటముల లెక్కల్లో చదివే వ్యాసాలు ఈ మనుషులను ఒక వాక్యంతో దాటేస్తుంటే నాకు బాధ కలుగుతుంది.

నజఫ్‌లో ఖొమేనీ ఉండడం దౌత్యాన్ని ఎలా ప్రభావితం చేసింది?

తరువాత ఇరాన్ విప్లవానికి నాయకుడైన, షా బహిష్కరించిన మతగురువు అయతొల్లా ఖొమేనీ 1965 నుంచి నజఫ్‌లోనే ఉన్నారు. సంబంధాలు చెడిన రోజుల్లో ఆయన బాగ్దాద్‌కు పనికొచ్చే అతిథి. అల్జీర్స్ రాజీ తరువాత ఆయన ఉనికి ఇబ్బందిగా మారింది. ఇరాన్‌లో అలజడి పెరిగాక 1978 అక్టోబరులో ఇరాక్ ఆయన్ని దేశం విడిచి వెళ్లేలా చేసింది. కువైట్ రానివ్వకపోవడంతో ఆయన ఫ్రాన్స్ వెళ్లారు. అక్కడి నుంచి ఆయన మాటలు ప్రపంచ పత్రికలకు ఇంకా తేలికగా చేరాయి. ఆ నవంబరులోనే ఇరాన్ మహారాణి ఫరా ఇరాక్ వచ్చి, నజఫ్‌లో షియా అగ్ర మతగురువు అయతొల్లా ఖోయీని కలిశారు. రెండు ప్రభుత్వాలు అంత సఖ్యంగా ఉన్న ఆ చలికాలం ముగిసేలోగానే షా దేశం విడిచారు.

సంధి ఉండగా 1980లో యుద్ధం ఎలా వచ్చింది?

1979 ఫిబ్రవరిలో ఇరాన్ విప్లవం గెలిచింది. జులైలో సద్దాం ఇరాక్ అధ్యక్షుడయ్యారు. విప్లవాన్ని ఇరాక్ షియాలకు కూడా చేర్చాలన్న పిలుపులు టెహ్రాన్ నుంచి వినిపించాయి. 1980 ఏప్రిల్‌లో ఇరాక్ ఉప ప్రధాని తారిక్ అజీజ్ మీద హత్యాయత్నం జరిగింది. దానికి ప్రతిగా సద్దాం ప్రభుత్వం నజఫ్ పండితుడు మహమ్మద్ బాకిర్ అల్ సద్ర్‌నూ, ఆయన సోదరినీ చంపించింది. సంధి ప్రకారం తమకు రావాల్సిన కొన్ని కొండప్రాంతాలను ఇరాన్ అప్పగించలేదని ఇరాక్ ఆరోపించింది.

సెప్టెంబరు 17న సద్దాం జాతీయ అసెంబ్లీలో 1975 ఒప్పందం రద్దయిందని ప్రకటించి, టీవీ కెమెరాల ముందు ఆ పత్రాన్ని చించారు. ఆయనే సంతకం పెట్టిన రాజీ అది. అయిదు రోజుల తరువాత, 22న, ఇరాక్ సేనలు సరిహద్దు దాటాయి. ఇరాన్ సైన్యం విప్లవానంతర ప్రక్షాళనలో చితికిపోయి ఉంది. అమెరికా స్నేహమూ లేదు. 1969లో ఇరాక్ బలహీనంగా ఉన్నప్పుడు ఇరాన్ ఏం చేసిందో, 1980లో ఇరాన్ బలహీనంగా కనిపించినప్పుడు ఇరాక్ అదే అంతకు ఎన్నో రెట్లు ఘోరంగా చేసింది. 1937 కాగితాన్ని ఒకరు, 1975 కాగితాన్ని మరొకరు పక్కన పడేశారు. రెండుసార్లూ చెప్పిన కారణాలు న్యాయ సంబంధమైనవి, ఎంచుకున్న సమయం మాత్రం ఎదుటివాడి బలహీనతది.

ఇది షియా–సున్నీ యుద్ధమేనా?

ఈ ప్రశ్న ఎక్కువమంది అడుగుతారు. కాదనే నా సమాధానం. ఇరాక్ సైనికుల్లో పెద్ద భాగం షియాలే, వారు ఎనిమిదేళ్లూ ఇరాన్ మీదే పోరాడారు. ఇరాన్ నైరుతి ప్రాంతమైన ఖూజిస్తాన్‌లోని అరబ్బులు తనవైపు తిరుగుతారని సద్దాం ఆశించారు, వారు తిరగలేదు. అరబ్ దేశమైన సిరియా ఇరాన్ పక్షం వహించింది. మతం ప్రచారానికి ఇంధనమైంది, నిజమే. అయినా దేశం, తీరం, చమురు, పాలకుల భయం అనే మాటలు లేకుండా కేవలం మతశాఖలతో ఈ యుద్ధాన్ని వివరించలేం.

యుద్ధం ఎలా ముగిసింది, చివరికి సరిహద్దు ఎక్కడ తేలింది?

1982 మే 24న ఇరాన్ ఖుర్రంషహర్‌ను విడిపించుకుంది. అక్కడితో ఆగకుండా తరువాత ఇరాక్ భూభాగంలోకి యుద్ధాన్ని తీసుకెళ్లింది. ఇరాక్ రసాయన ఆయుధాలు ప్రయోగించింది. 1988 మార్చిలో ఉత్తర ఇరాక్ పట్టణం హలబ్జాలో తన సొంత కుర్దు పౌరులమీదే వేసింది. భద్రతా మండలి కాల్పుల విరమణ కోరుతూ 1987 జులై 20న చేసిన 598వ తీర్మానాన్ని ఇరాన్ ఏడాది ఆలస్యంగా అంగీకరించింది. ఆ నిర్ణయాన్ని ఖొమేనీ విషం తాగడంతో పోల్చారు. 1988 ఆగస్టు 20న కాల్పుల విరమణ అమల్లోకి వచ్చింది. లక్షలాది మంది చనిపోయారు.

సరిహద్దు సంగతి తేలింది కాల్పుల విరమణ తరువాత నడిచిన జెనీవా చర్చల్లో కాదు, కువైట్‌లో. 1990 ఆగస్టు 2న కువైట్‌ను ఆక్రమించిన సద్దాం, తూర్పు వైపు నుంచి తన సేనలను ఖాళీ చేసుకోవాల్సి వచ్చి, ఆ నెల నడిమిలో ఇరాన్ అధ్యక్షుడు రఫ్సంజానీకి రాసిన లేఖలో 1975 ఒప్పందానికి తిరిగి ఒప్పుకున్నారు, ఆక్రమిత భూమి వదిలేస్తానని, యుద్ధ ఖైదీలను విడుదల చేస్తానని చెప్పారు. ఎనిమిదేళ్ల యుద్ధం ఏ గీతను చెరపడానికి మొదలైందో ఆ గీతనే ఒక లేఖతో ఒప్పుకున్నారు. ఆ రెండు వైపులా కొడుకులను పోగొట్టుకున్న తల్లులకు ఆ లేఖ ఏం చెప్పి ఉంటుందో ఊహించడం కష్టం. ఆ శరదృతువులో రాయబార కార్యాలయాలు తిరిగి తెరుచుకున్నాయి. వేలాది ఖైదీలు ఇళ్లకు చేరారు. మరికొందరి విడుదలకు ఇంకా పన్నెండేళ్లకు పైగా పట్టింది.

2003 తరువాత సంబంధాలు పూర్తిగా బాగుపడ్డాయా?

దగ్గరయ్యాయి, అది నిజం. సద్దాం కాలంలో ఇరాన్‌లో ప్రవాసం గడిపిన షియా నేతలు బాగ్దాద్‌లో మంత్రులయ్యారు. 2005లో ఇరాక్ ప్రధాని జాఫరీ టెహ్రాన్ వెళ్లారు, 2008 మార్చిలో ఇరాన్ అధ్యక్షుడు అహ్మదీనెజాద్ బాగ్దాద్ వచ్చారు. ఇమాం హుసేన్ స్మారకంగా జరిగే అర్బయీన్ యాత్రకు ఏటా లక్షల ఇరానీయులు కర్బలా నడిచివెళ్తారు. ఇరాక్ తన విద్యుత్ కోసం ఇరాన్ గ్యాస్ మీద చాలాకాలం ఆధారపడింది.

అయినా పాత గాయాల జాడలు కనిపిస్తూనే ఉన్నాయి. 2007 డిసెంబరులో ఇరాక్ అధ్యక్షుడు జలాల్ తాలబానీ, ఆయనా కుర్దే, అల్జీర్స్ ఒప్పందం చెల్లదని ఒక మాట అని, వెంటనే వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. 2018లో బస్రాలో, 2019 నవంబరులో నజఫ్‌లో నిరసనకారులు ఇరాన్ కాన్సులేట్‌లకు నిప్పుపెట్టారు. వారిలో అత్యధికులు షియా యువకులే. 2020 జనవరి 3న ఇరాన్ సేనాని ఖాసిం సులేమానీ బాగ్దాద్ విమానాశ్రయం దగ్గర అమెరికా దాడిలో చనిపోవడం, అయిదు రోజులకే ఇరాక్‌లోని అమెరికా స్థావరం మీద ఇరాన్ క్షిపణులు పడడం చూస్తే, ఇరాక్ నేల ఇతరుల తగాదాలకు వేదికైందన్న ఇరాకీయుల కోపం అర్థమవుతుంది. 2023 మార్చిలో రెండు దేశాలూ కుదుర్చుకున్న భద్రతా ఒప్పందం, ఇరాన్ వ్యతిరేక కుర్దు దళాలను సరిహద్దు నుంచి దూరం జరపడానికి ఉద్దేశించింది. 1975లో రాసుకున్న మాటే, పాత్రలు మారి, మరోసారి.

1975 సంధి నేటికీ అమల్లో ఉందా?

ఉంది. 2019 మార్చిలో నాటి ఇరాన్ అధ్యక్షుడు రూహానీ బాగ్దాద్ పర్యటనలో విడుదలైన ఉమ్మడి ప్రకటన దాన్ని అమలు చేస్తామని, నదిలో పూడిక తీసి నౌకామార్గాన్ని పునరుద్ధరిస్తామని పేర్కొంది.

కానీ నది ఒక్కచోట నిలవదు. ఒండ్రు పేరుకుని లోతైన దారి పక్కకు జరుగుతుంది, యుద్ధంలో మునిగిన ఓడల శిథిలాలు దాన్ని మరింత మార్చాయి. అందుకే పదేళ్లకొకసారైనా ఉమ్మడి సర్వే జరగాలని 1975లోనే రాసుకున్నారు. ఇప్పుడు బస్రా ప్రజల ఆందోళన గీత గురించి కూడా కాదు. టైగ్రిస్, యూఫ్రటిస్‌ల మీద టర్కీ, సిరియా, ఇరాక్‌లలో కట్టిన ఆనకట్టల వల్ల, కారూన్ నీటిని ఇరాన్ మళ్లించడం వల్ల నది బలహీనపడి, సముద్రపు ఉప్పు నీరు పైకి ఎగదన్నుతోంది. 2018 వేసవిలో కలుషితమైన నీరు తాగి బస్రాలో లక్షమందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు. సరిహద్దు ప్రవాహాల నీటి వాడకంపై రెండు దేశాల మధ్య 1975 డిసెంబరులో కుదిరిన మరో ఒప్పందం కూడా ఉంది. ఇప్పటిదాకా ఈ దౌత్యమంతా నదిలో ఓడలు ఎవరివన్న దాని చుట్టూ తిరిగింది, ఇకమీదట నదిలో నీళ్లెన్ని మిగిలాయన్నదాని మీద ఇరు దేశాల మంత్రులు కూర్చోవాల్సి ఉంది. బస్రాలో కుళాయి తిప్పే మనిషికి 1914 స్తంభాల కంటే ఆ చర్చే ముఖ్యం.